క్రాస్ కంపైలర్లు, ఇంట్రిన్సిక్‌లు: ఆపరేటింగ్ సిస్టమ్ కట్టేవారి పనిముట్లు

తాను నడిచే ప్రాసెసర్‌కు కాకుండా వేరే ప్రాసెసర్‌కు పనికొచ్చే యంత్రభాషను తయారుచేసే కంపైలర్‌ను క్రాస్ కంపైలర్ అంటారు. దానికి అసెంబ్లర్, లింకర్, డీబగ్గర్, కొద్దిపాటి లైబ్రరీ తోడైతే ఆ మొత్తం సరంజామా టూల్‌చెయిన్ అవుతుంది. ఇంట్రిన్సిక్ చూడటానికి మామూలు ఫంక్షన్ లాగే ఉంటుంది. కంపైలర్ మాత్రం దాన్ని ఫంక్షన్‌గా పిలవదు; ఎదురవగానే ఆ స్థానంలో ఒకటి రెండు యంత్ర ఆదేశాలను నేరుగా దించేస్తుంది. మామూలు అప్లికేషన్లు రాసేవారు ఈ రెండింటి జోలికి పోకుండానే జీవితమంతా గడిపేయవచ్చు. ఆపరేటింగ్ సిస్టమ్ రాసేవారికి ఆ వెసులుబాటు లేదు. ఆపరేటింగ్ సిస్టమ్ ఇంకా పుట్టని యంత్రం మీద కంపైలర్ నడవదు కాబట్టి కోడ్ మరో యంత్రం మీద తయారు కావాలి. ప్రాసెసర్ లోపలి రిజిస్టర్లను, ఇంటరప్టులను (నడుస్తున్న పనిని ఆపించే పిలుపులను) తాకే మాటలు సీ భాషలో లేవు కాబట్టి ఇంట్రిన్సిక్‌లు గానీ అసెంబ్లీ గానీ రావాలి.

పెనుకొండ కార్లలోని చిప్పులు

గుంతకల్లు నుంచి బెంగళూరు పోయే రైలు మార్గంలో ధర్మవరం, పెనుకొండ, హిందూపురం వరుసగా వస్తాయి. 2022 ఏప్రిల్‌లో ఏర్పడిన శ్రీ సత్యసాయి జిల్లాలో ఇవి పెద్ద ఊళ్లు. ఈ విషయానికి ఇక్కడ కళ్లెదుటి ఉదాహరణ పెనుకొండ మండలం ఎర్రమంచి దగ్గరి కియా కార్ల కర్మాగారం. 2017 ఏప్రిల్‌లో ప్రభుత్వంతో ఒప్పందం కుదిరింది. 2019 జనవరిలో ప్రయోగాత్మక ఉత్పత్తి, అదే ఏడాది ఆగస్టులో సెల్టోస్ ఉత్పత్తి మొదలయ్యాయి. 536 ఎకరాల్లో, ఏడాదికి 3 లక్షల కార్ల సామర్థ్యంతో దాన్ని కట్టారు.

ఇప్పటి కారులో ఇంజినుకు ఒకటి, బ్రేకులకు ఒకటి, ఎయిర్‌బ్యాగులకు ఒకటి, స్టీరింగుకు ఒకటి, చివరికి తలుపు అద్దాలకు ఒకటి చొప్పున పదుల సంఖ్యలో ఈసీయూలు ఉంటాయి. ఈసీయూ అంటే ఒక మైక్రోకంట్రోలర్ ఉన్న చిన్న పెట్టె. చాలావాటిలో నిర్ణీత గడువులోపు పని ముగించే చిన్న రియల్‌టైమ్ ఆపరేటింగ్ సిస్టమ్ నడుస్తుంది. కార్ల కోసం ఇలాంటి వాటికి ఉమ్మడి ప్రమాణం కుదర్చాలని 1993లో జర్మనీలో ఒసెక్ ప్రయత్నం మొదలైంది. 2003లో వచ్చిన ఆటోసార్ దాని మీద నిలబడింది. ఆ చిప్పుల్లో కీబోర్డు లేదు, డిస్కు లేదు, కంపైలర్‌ను మోయగల మెమరీ అసలే లేదు. వాటిలో నడిచే ప్రతి అక్షరమూ ఎక్కడో ఒక ఇంజినీరు డెస్క్‌టాప్ మీద క్రాస్ కంపైల్ అయి వచ్చిందే. హ్యుందాయ్, కియా కార్లకు విడిభాగాలు చేసే హ్యుందాయ్ మోబిస్ 2007లో హైదరాబాదులో సాంకేతిక కేంద్రం పెట్టుకుంది. అక్కడి ప్రధానమైన పని ఈ తరహా సాఫ్ట్‌వేరే. అలాంటి చోట రాసేవారి ముందున్నది ఇంటెల్ లేదా ఏఎండీ ప్రాసెసర్. రాసింది నడిచేది బండిలోని చిప్పు మీద.

ధర్మవరం పట్టు మగ్గాలను ఎరిగినవారికి ఈ ఏర్పాటు కొత్తేమీ కాదు. కొంగు మీది బుటాను గ్రాఫ్ కాగితం మీద గడి గడిగా గీసి, దాన్నిబట్టి అట్టలకు చిల్లులు కొట్టి, వరుసగా కుట్టి జాకార్డుకు ఎక్కిస్తారు. మగ్గం గ్రాఫును చదవలేదు, చిల్లులనే చదువుతుంది. 240 కొక్కేల జాకార్డుకు కొట్టిన అట్ట 120 కొక్కేల దానికి పనికిరాదు. దానికి పేరిచ్చిన జాకార్డు తన యంత్రానికి ఫ్రాన్సులో పేటెంటు పొందింది 1804లో. చిల్లుల అట్టల ఆలోచనను ఛార్లెస్ బాబేజ్ తన అనలిటికల్ ఇంజిన్ రూపకల్పనలోకి తీసుకున్నాడు.

పుట్టుక

యూనిక్స్ ఆపరేటింగ్ సిస్టమ్ చరిత్ర మొదలైందే క్రాస్ పద్ధతిలో. 1969లో బెల్ ల్యాబ్స్‌లో కెన్ థాంప్సన్ యూనిక్స్ తొలి కోడ్‌ను పీడీపీ-7 కోసం రాసినప్పుడు మొదట్లో అసెంబుల్ చేసే పని ఆ యంత్రం మీద జరగలేదు. ఆయన జీఈ-635 అనే పెద్ద కంప్యూటర్ మీద అసెంబుల్ చేసి, ఫలితాన్ని కాగితపు టేపు మీద పంచ్ చేయించి, ఆ టేపును చేత్తో మోసుకెళ్లి పీడీపీ-7లో వేసేవాడు. యూనిక్స్‌కు సొంత అసెంబ్లర్ వచ్చాకే ఈ మోత తప్పింది. 1973లో యూనిక్స్‌ను సీలోకి తిరగరాశాక, కంపైలర్ ఒక్కటి మారిస్తే వ్యవస్థ మొత్తం కొత్త యంత్రానికి పోగలదన్న నమ్మకం కుదిరింది.

రిచర్డ్ స్టాల్‌మన్ 1987లో విడుదల చేసిన జీసీసీ కంపైలర్ ఈ నమ్మకానికి అందరి చేతికీ అందే రూపం ఇచ్చింది. 1989లో మొదలైన సిగ్నస్ అనే సంస్థ జీసీసీని చిప్పు తర్వాత చిప్పుకు మలచడాన్నే వ్యాపారంగా చేసుకుంది. చిన్న యంత్రాల కోసం న్యూలిబ్ అనే సీ లైబ్రరీ అక్కడి నుంచే వచ్చింది. ఉచితంగా దొరికే సాఫ్ట్‌వేర్‌తో డబ్బెలా వస్తుందని అడిగేవారికి తొలి గట్టి జవాబు ఈ సంస్థే. 2000లో ఇల్లినాయ్ విశ్వవిద్యాలయంలో విక్రమ్ అద్వే, క్రిస్ లాట్నర్ మొదలుపెట్టిన ఎల్ఎల్‌వీఎమ్ అనే కంపైలర్ సరంజామా మరో దారి తొక్కింది. జీసీసీని ఒక్కో లక్ష్యానికి ఒక్కోసారి విడిగా కట్టుకోవాలి. ఎల్ఎల్‌వీఎమ్ మీద నడిచే క్లాంగ్ కంపైలర్ అన్ని లక్ష్యాలకూ ఒకే ప్రోగ్రాము. ఏ ప్రాసెసర్‌కు కావాలో పిలిచేటప్పుడు చెబితే సరిపోతుంది. ఇప్పుడు కొత్తగా మొదలుపెట్టేవారికి క్లాంగ్ దారే సులువు. అయినా చిప్పుల కంపెనీలు ఇచ్చే సరంజామాలో జీసీసీ పట్టు సడలలేదు.

పేరులో ఏముంటుంది

టూల్‌చెయిన్ పేరు చదివితే అది ఎవరి కోసమో తెలుస్తుంది. ఆర్మ్-నన్-ఈఏబీఐ అంటే ఆర్మ్ ప్రాసెసర్ కోసం, అడుగున ఏ ఆపరేటింగ్ సిస్టమ్ లేకుండా, ఆర్మ్ ఎంబెడెడ్ ప్రమాణం ప్రకారం అని అర్థం. ఐ686-ఎల్ఫ్ 32 బిట్ల ఇంటెల్ కోసం. అందులోనూ ఆపరేటింగ్ సిస్టమ్ ఊసు లేదు. ఇదే ఇంటెల్ ప్రాసెసర్‌కు లినక్స్-గ్నూ అన్న తోక ఉన్న కంపైలరూ ఉంటుంది. లినక్స్ ల్యాప్‌టాప్‌లో మామూలుగా ఉండేది ఆ తోక ఉన్నదే.

ఆపరేటింగ్ సిస్టమ్‌కు గుండెకాయ అయిన కెర్నల్‌ను కొత్తగా రాసే విద్యార్థి మొదట పడే గుంట ఇక్కడే. ల్యాప్‌టాపూ ఇంటెలే, కెర్నలూ ఇంటెల్ కోసమే, మరి వేరే కంపైలర్ ఎందుకని సొంత కంపైలర్‌తోనే మొదలుపెడతాడు. ఆ కంపైలర్‌కు ఎన్నో నమ్మకాలుంటాయి: అడుగున లినక్స్ ఉంటుందని, గ్నూ సీ లైబ్రరీ ఉంటుందని, ప్రోగ్రామును మెమరీలో ఎక్కడైనా దించవచ్చని, స్టాక్ చెడిందా లేదా అని కనిపెట్టే కాపలా ఫంక్షన్ ఒకటి దొరుకుతుందని. కెర్నల్‌లో ఇవేవీ ఉండవు. లింకర్ ఎక్కడా నిర్వచించని పేర్ల జాబితా ముఖాన కొడుతుంది. ఒక్కో ఆప్షన్‌తో ఒక్కో నమ్మకాన్ని మాన్పించవచ్చు గానీ, లక్ష్యానికి తగిన క్రాస్ కంపైలర్‌ను ఒక పూట కూర్చుని కట్టుకోవడమే నయం.

ల్యాప్‌టాప్ అలవాట్లు మరో చోటా దెబ్బతీస్తాయి. ఇంటెల్ మీద లినక్స్‌లో సీ భాషలోని చార్ రకం రుణసంఖ్యలను పట్టుకుంటుంది. ఆర్మ్ ప్రమాణంలో పట్టుకోదు. చార్ చరరాశిలో -1 పెట్టి, సున్నా కంటే తక్కువా అని అడిగితే ల్యాప్‌టాప్ అవునంటుంది, ఆర్మ్ చిప్పున్న బోర్డు కాదంటుంది. లాంగ్ రకం 64 బిట్ల లినక్స్‌లో 64 బిట్లు, 32 బిట్ల ఆర్మ్‌లో 32. ఇది తెలియక రాసిన కోడ్ పరీక్షలన్నీ దాటి బోర్డు ఎక్కాక తప్పుతుంది.

లైబ్రరీ లేని సీ

సీ ప్రమాణం రెండు లోకాలను గుర్తిస్తుంది. ఒకదానిలో పూర్తి లైబ్రరీ ఉంటుంది. ఫ్రీస్టాండింగ్ అనే రెండోదానిలో రకాల పరిమాణాలు, పరిమితులు చెప్పే కొద్ది హెడర్లు తప్ప మరేమీ ఉండవు. కెర్నల్ బతికేది ఈ రెండో లోకంలోనే. అయినా అది పూర్తి ఏకాంతం కాదు. మెమరీని కాపీ చేసే, జరిపే, నింపే, పోల్చే నాలుగు ఫంక్షన్లు ఉండి తీరాలని జీసీసీ పట్టుబడుతుంది. వాటిని కెర్నల్ రాసేవారే ఇవ్వాలి. ఇందులో ఒక తమాషా ఉంది. మెమరీని నింపే మెమ్‌సెట్‌ను మామూలు లూపుతో రాస్తామా, ఆప్టిమైజర్ ఆ లూపును చూసి ‘ఇది మెమ్‌సెట్ చేసే పనే కదా’ అని దాని బదులు మెమ్‌సెట్ పిలుపు పెడుతుంది. ఫంక్షన్ తనను తానే పిలుచుకుంటూ స్టాక్ నిండేదాకా పోతుంది. కోడ్‌లో తప్పు లేదు, కంపైలర్‌లోనూ తప్పు లేదు. లూపులను అలా గుర్తుపట్టే పనిని ఆ ఒక్క ఫైలుకు ఆపుచేయాలి.

32 బిట్ల ప్రాసెసర్ మీద 64 బిట్ల సంఖ్యను భాగించాలంటే ఒక్క ఆదేశంతో తెగదు. ఆ లెక్క చేసే చిన్న ఫంక్షన్లు జీసీసీతో పాటు వచ్చే లిబ్‌జీసీసీలో ఉంటాయి. దాన్ని లింక్ చేయడం మరిచిపోతే, ఎక్కడా రాయని వింత పేరేదో దొరకలేదని లింకర్ అంటుంది.

రెడ్ జోన్ వ్యవహారం మరీ లోతుగా పాతుకుంది. 64 బిట్ల ఇంటెల్ యంత్రాలకు యూనిక్స్ లోకం పాటించే ఒప్పందం ప్రకారం, స్టాక్ పాయింటర్‌కు దిగువన 128 బైట్లను ఫంక్షన్ పాయింటర్‌ను జరపకుండానే వాడుకోవచ్చు. మరో ఫంక్షన్‌ను పిలవని చిన్న ఫంక్షన్లకు దీనివల్ల రెండు ఆదేశాలు మిగులుతాయి. మామూలు ప్రోగ్రాములకు ఇది క్షేమమే, ఎందుకంటే ఇంటరప్టు వస్తే ప్రాసెసర్ కెర్నల్ స్టాకుకు మారిపోతుంది. కెర్నల్ నడుస్తుండగానే ఇంటరప్టు వస్తే మామూలుగా స్టాక్ మారదు. ప్రాసెసర్ అయిదు విలువలను, అంటే 40 బైట్లను, సరిగ్గా ఆ 128 బైట్ల మీదే రాస్తుంది. ఫంక్షన్ దాచుకున్నవి పోతాయి. టైమర్ ఇంటరప్టు సరిగ్గా ఆ క్షణంలోనే రావాలి కాబట్టి తప్పు గంటకోసారి బయటపడవచ్చు, రోజుకోసారి బయటపడవచ్చు. మందు ఒక్కటే: కెర్నల్‌ను, దానికి లింకయ్యే లిబ్‌జీసీసీని కూడా రెడ్ జోన్ లేకుండా కంపైల్ చేయడం. రెండోది చాలామంది మరిచిపోతారు.

ఇంట్రిన్సిక్‌ల పని

ప్రాసెసర్‌తో నేరుగా మాట్లాడటానికి సీ రాసేవారికి మూడు దారులున్నాయి: విడిగా అసెంబ్లీ ఫైలు, సీ మధ్యలో అసెంబ్లీ ముక్క, ఇంట్రిన్సిక్. అసెంబ్లీ ముక్క కంపైలర్‌కు మూసిన పెట్టె. అది ఏ రిజిస్టర్లను చెడగొడుతుందో, మెమరీని తాకుతుందో లేదో రాసినవారే చెప్పాలి. ఒక్కటి మరిచినా నెలల తర్వాత దెబ్బ తగులుతుంది. ఇంట్రిన్సిక్ విషయంలో కంపైలర్‌కు దాని అర్థం తెలుసు. దాని చుట్టూ ఆదేశాలను జరపగలదు, విలువ ముందే తెలిస్తే లెక్క కట్టి ఆదేశాన్నే తీసేయగలదు. మైక్రోసాఫ్ట్ కంపైలర్ 64 బిట్ల లక్ష్యాలకు సీ మధ్యలో అసెంబ్లీని పూర్తిగా తీసేసింది. పోర్టుల నుంచి చదవాలన్నా, కంట్రోల్ రిజిస్టర్లను మార్చాలన్నా అక్కడ ఇంట్రిన్సిక్‌లే దిక్కు.

ఆపరేటింగ్ సిస్టమ్‌లో వీటి పని ఎక్కడెక్కడ పడుతుందో చూస్తే వీటి బలం తెలుస్తుంది. రెండు కోర్లు ఒకే తాళం కోసం పోటీపడేచోట విడదీయరాని మార్పిడి కావాలి. జీసీసీ 2012లో 4.7 సంచికతో మెమరీ క్రమాన్ని స్పష్టంగా చెప్పగల ఇంట్రిన్సిక్‌లు ఇచ్చింది. ఆర్మ్ మీద మెమరీ అవరోధానికి, నిద్రపోయి ఇంటరప్టు కోసం ఎదురుచూడటానికి వేరే ఇంట్రిన్సిక్‌లున్నాయి. అరుదుగా జరిగే తప్పు దారి ఏదో కంపైలర్‌కు సూచించేది మరొకటి. లినక్స్ కెర్నల్ నిండా అది కనిపిస్తుంది.

ఒక్కదాన్ని దగ్గరగా చూద్దాం. షెడ్యూలర్ తర్వాత ఏ పనిని నడపాలో తేల్చాలి. ప్రాధాన్యానికి ఒక బిట్ చొప్పున 32 బిట్ల పదంలో, సిద్ధంగా ఉన్న పనుల బిట్లను 1 చేసి ఉంచితే, అన్నిటికంటే పైనున్న 1 ఎక్కడుందో తెలిస్తే చాలు. లూపుతో వెతికితే పట్టే సమయం ఒక్కోసారి ఒక్కోలా ఉంటుంది. బ్రేకులు వేసే ఈసీయూకు అది ఒప్పదు. ముందున్న సున్నాలను లెక్కించే క్లజ్ ఇంట్రిన్సిక్ వాడితే ఆర్మ్ కార్టెక్స్-ఎమ్4 వంటి చిప్పుల మీద అది ఒకే ఆదేశం అవుతుంది. ఫ్రీఆర్‌టాస్ అనే చిన్న రియల్‌టైమ్ వ్యవస్థలో ఈ దారి ఎంచుకునే ఆప్షన్ ఉంది. 2003 నాటి లినక్స్ 2.6లో ఇంగో మోల్నార్ షెడ్యూలర్ కూడా బిట్ల పటంలో వెతికే ఈ సూత్రం మీదే నడిచింది.

దీనిలోనూ ముళ్లున్నాయి. జీసీసీ క్లజ్‌కు సున్నా ఇస్తే ఏం వస్తుందో నిర్వచనమే లేదు. ఇంటెల్ మీద కథ మరీ చిత్రం. సున్నాలను లెక్కించే కొత్త ఆదేశాన్ని పాత ఆదేశానికి ఒక ముందుబైటు తగిలించి చేశారు. ఆ ముందుబైటు తెలియని పాత ప్రాసెసర్లు దాన్ని పట్టించుకోకుండా పాత ఆదేశాన్నే నడుపుతాయి. 8 అనే సంఖ్య ఇస్తే కొత్త ఆదేశం 28 అంటుంది, పాతది 3 అంటుంది. తప్పు చూపదు, ఆగదు, తప్పు జవాబుతో ముందుకు పోతుంది. ఇంటెల్‌లో కొత్త ఆదేశం 2013లో హాస్వెల్‌తో వచ్చింది. ‘ఈ కంప్యూటర్‌కు తగినట్టు కంపైల్ చేయి’ అని ఆధునిక ల్యాప్‌టాప్ మీద చెప్పి, ఆ ఫలితాన్ని పాత యంత్రానికి పంపితే జరిగేది ఇదే.

అలాగే కెర్నల్‌లో దశాంశ సంఖ్యల రిజిస్టర్లను, వెక్టర్ రిజిస్టర్లను కంపైలర్ ముట్టుకోకుండా కట్టడి చేయాలి. అవి వాడితే ప్రతి ఇంటరప్టుకూ వాటన్నిటినీ భద్రపరచాల్సి వస్తుంది. తప్పనిసరిగా కావలసినచోట లినక్స్ ముందు ఆ రిజిస్టర్లను భద్రపరిచి వాడుకుని, పని అయ్యాక వదిలేస్తుంది.

హైదరాబాదు, బెంగళూరు

తెలుగునేల మీద ఈ విద్య ప్రపంచానికి తెలిసిన వస్తువులోకి వెళ్లిన సందర్భం పోర్టల్‌ప్లేయర్‌ది. 1999లో అమెరికాలో మొదలైన ఈ కంపెనీకి హైదరాబాదులో ఇంజినీర్ల బృందం ఉండేది. 2001 అక్టోబరులో ఆపిల్ విడుదల చేసిన తొలి ఐపాడ్‌లో ఉన్నది ఈ కంపెనీ చిప్పే: రెండు ఆర్మ్7 కోర్లు, 32 మెగాబైట్ల మెమరీతో పని. పాటను విప్పి వినిపించే ఫర్మ్‌వేర్ అంతా డెస్క్‌టాప్‌ల మీద కంపైల్ అయి ఆ రెండు కోర్లలోకి ఇమిడింది. 2007 జనవరికల్లా ఎన్విడియా ఈ కంపెనీని కొనేసింది. ఐపాడ్ గురించి రాసినవారు రూపకల్పన గురించి రాసినంతగా ఈ పనిని గురించి రాయలేదు.

హిందూపురం నుంచి రోడ్డు మీద వంద కిలోమీటర్ల దూరంలోని బెంగళూరుకు 1985లోనే టెక్సాస్ ఇన్‌స్ట్రుమెంట్స్ వచ్చింది. ఆ కంపెనీ 1997లో తెచ్చిన సీ6000 సిగ్నల్ ప్రాసెసర్లకు సీలో రాసేవారు ఇంట్రిన్సిక్‌లను విరివిగా వాడతారు. 16 బిట్ల సంఖ్యలను ఒకేసారి రెండు జతలుగా కూడే ఆదేశానికి సీలో మరో మాట లేదు మరి. పరిశోధన వైపు చూస్తే, ఐఐటీ హైదరాబాదు బృందం 2020లో వెలువరించిన ఐఆర్2వెక్ ఎల్ఎల్‌వీఎమ్ అంతర్గత రూపాన్ని సంఖ్యల వరుసలుగా మార్చి, ఆప్టిమైజేషన్ నిర్ణయాలను యంత్రాభ్యాసానికి అప్పగించే దారి చూపింది.

నేర్చుకోదలచినవారికి ఇప్పుడు ఖర్చు అడ్డం కాదు. మామూలు ల్యాప్‌టాప్, లినక్స్, ఫాబ్రిస్ బెల్లార్డ్ 2003లో తెచ్చిన క్యూఈఎమ్‌యూ అనే నకిలీ యంత్రం, బోధన కోసం ఎంఐటీ రాసిన ఎక్స్‌వీ6 కెర్నల్ ఉంటే చాలు. ఎక్స్‌వీ6 ఇప్పటి రూపం రిస్క్-ఫైవ్ కోసం కాబట్టి మొదటి రోజే క్రాస్ కంపైలర్ చేతికొస్తుంది.

సొంత చిప్పు, సొంత టూల్‌చెయిన్

1984లో అచ్చయిన ట్యూరింగ్ పురస్కార ఉపన్యాసంలో థాంప్సన్ ఒక భయం చెప్పాడు: కంపైలర్‌లోనే దొంగదారి దాచితే, సోర్స్ ఎంత శుభ్రంగా ఉన్నా ఫలితంలో అది ఉంటుంది, ఆ కంపైలర్‌తోనే తిరిగి కంపైలర్‌ను కట్టినా ఉంటుంది. రక్షణ, అంతరిక్ష రంగాలు పనిముట్లను ఇంట్లో ఉంచుకోవాలనడానికి ఇదొక కారణం. అంతకంటే మొరటు కారణం మరొకటి: సొంత ఆదేశ సముదాయంతో చిప్పు చేస్తే దానికి కంపైలర్ బజారులో దొరకదు.

ఇస్రో ప్రయోగ వాహనాల్లో 2009 నుంచి విక్రమ్1601 అనే 16 బిట్ల ప్రాసెసర్ వాడుకలో ఉంది. దానికి 32 బిట్ల వారసుడు విక్రమ్3201. చండీగఢ్ పక్కన మొహాలీలోని సెమీకండక్టర్ లేబొరేటరీతో కలిసి విక్రమ్ సారాభాయ్ అంతరిక్ష కేంద్రం దాన్ని రూపొందించింది. తొలి విడత చిప్పులను 2024 డిసెంబరు 30న శ్రీహరికోట నుంచి ఎగిరిన పీఎస్ఎల్‌వీ-సీ60లో పంపి పరీక్షించారు. అడా భాష కంపైలర్, అసెంబ్లర్, లింకర్, సిమ్యులేటర్ అన్నీ ఇస్రో ఇంట్లోనే రాసుకోవాల్సి వచ్చింది. దానితో పాటే వెల్లడించిన కల్పన3201 స్పార్క్ వీ8 అనే ప్రమాణాన్ని అనుసరించింది. కాబట్టి ఓపెన్ సోర్స్ టూల్‌చెయిన్ దానికి సిద్ధంగా దొరికింది, సిమ్యులేటర్ వంటివి మాత్రం ఇస్రో చేసుకుంది. చిప్పు తయారీ గురించి పత్రికల్లో వచ్చినంత చర్చ ఈ తేడా గురించి రాలేదు. ఏ ఆదేశ సముదాయం ఎంచుకుంటామన్నది ఎన్నేళ్ల కంపైలర్ పని నెత్తికెత్తుకుంటామన్న ప్రశ్న కూడా.

2025 మార్చి 5న ఢిల్లీలో ఈ చిప్పులను ఇస్రోకు అప్పగించినప్పటి ప్రకటన ప్రకారం, విక్రమ్3201కు అప్పటికి అడా కంపైలర్ ఉంది. సీ కంపైలర్ అప్పటికి ఇంకా తయారవుతూ ఉండేది.